మైకులో మా మామ గొంతు

నేను కాశిబుగ్గకు కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున, ఇంకా పళ్లు కూడా తోముకోకముందే, నా సంగతి వాడకంతా తెలిసిపోయింది. కరెంటు స్తంభం మీది లౌడ్‌స్పీకరులో ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. మా ఇంటికి కోడలు వచ్చింది, పాలకుర్తి దిక్కు పిల్ల, ఇక్కడ ఆమెకు అంతా కొత్త, బోరింగు కాడ జర ముందు నీళ్లు పట్టుకోనియ్యండ్రి అని చెప్పాడు. ఆ పెద్దాయన మా మామ. నాకు ఒళ్లు మండిపోయింది. లోపలి అర్రలో కూర్చుని, ఈ ఇంట్లో వాళ్ల నోట్లో నువ్వుగింజ నానదా అనుకున్నాను. తీరా బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోతే ఆడవాళ్లంతా పక్కకు జరిగి నన్ను ముందుకు తోశారు. పుట్టిల్లు ఏ ఊరు, ఎంతమంది తోబుట్టువులు, నూలు కండెలు చుట్టడం వచ్చా అని ఒకటే అడగడం. బిందె నిండేలోపు పదిమంది చుట్టాలయ్యారు. ఇక కోపం ఎవరి మీద చూపించను?

ఇది ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు మాట. మా వాడలో అందరివీ గుంట మగ్గాలే, అందరూ నేసేది జంపకానలే. నేతగాళ్ల సంఘానికి ఒక పెంకుటిల్లు, దాని వెనక నూలు పెట్టుకునే గోదాము ఉండేవి. ఆ ఇంట్లో ఒక పెద్ద రేడియో, దానికి తగిలించిన మైకుసెట్టు, వాడ నాలుగు మూలలా స్తంభాలకు కట్టిన లౌడ్‌స్పీకర్లు. పొద్దున రేడియోలో వార్తలు అయిపోగానే మామ దాని గొంతు నొక్కేసి మైకు అందుకునేవాడు. ఢిల్లీ సంగతులూ హైదరాబాదు సంగతులూ రేడియో చెప్పేది, మా సంగతులు మామ చెప్పేవాడు. ఎవరి మేక తప్పిపోయింది, ఎవరిని హనుమకొండ దవాఖానలో చేర్చారు, చూడబోయేవాళ్లు ఏ బస్సెక్కాలి, ఎవరి బిడ్డ పదో తరగతి పాసైంది. అదంతా పావుగంట. ఆ పావుగంటా మగ్గాల చప్పుడు వినిపించేది కాదు.

ఆ సంగతుల్లో సగం నేను బోరింగు దగ్గర ఏరుకొచ్చినవే. ముందురోజు సాయంత్రం మామ ముందు కూర్చుని అన్నీ కుప్ప పోసేదాన్ని. ఇది చెప్పొచ్చు, ఇది వాళ్లింటి కడుపులో మాట, ఇది నీలోనే పెట్టుకో బిడ్డా అని ఆయన వేరుచేసేవాడు. పొద్దున చెప్పి ఇంటికి రాగానే చాయ తాగుతూ, ఇవాళ ఎట్లున్నది అని నన్నే అడిగేవాడు. దగ్గు ఎక్కువ, వార్తలు తక్కువ అనేదాన్ని. పగలబడి నవ్వేవాడు. మామను అట్లా మాట్లాడొచ్చా అని అత్త కసిరేది. నా నోరు అప్పటికే అంత. మా నాన్న దగ్గర కూడా నాకు అంత చనువు లేదు.

అన్నిటికంటే పెద్ద వార్త నూలు. నూలు వస్తే మగ్గం నడుస్తుంది, మగ్గం నడిస్తే పొయ్యి వెలుగుతుంది. ఈ ఒక్క వార్త దగ్గర మాత్రం మామకు ఒక పట్టు ఉండేది. సంఘం గుమాస్తా చెప్పినా, అధ్యక్షుడే వచ్చి చెప్పినా మైకులో చెప్పేవాడు కాదు. తనే గోదాములోకి పోయి నూలు కట్టలు కళ్లారా చూసి రావాలి. లారీ వచ్చిందట కదా, ఇంకా చెప్పవేం మామా అని నేను ఓసారి తొందరపెట్టాను. లారీ వచ్చుడు వేరు, నూలొచ్చుడు వేరు అన్నాడు. చూస్తే ఆ లారీలో ఉన్నది సిమెంటు. అందుకే మామ నోట నూలు మాట వచ్చిందంటే ఆడవాళ్లు పొయ్యి మీది కూర దించేసి పరిగెత్తేవాళ్లు. నిజమా అని అడిగినవాళ్లను నేను చూడలేదు.

ఐదారేళ్లు గడిచాయి. ఎక్కడ చూసినా మిల్లు గుడ్డ. సంఘం చితికిపోయింది. గోదామూ ఇల్లూ, రేడియో మైకు లౌడ్‌స్పీకర్లతో సహా, హైదరాబాదు కంపెనీ ఒకదాని చేతిలోకి పోయాయి. ఇకనుంచి నూలు ఇచ్చేది కూడా కంపెనీయే అన్నారు. వాళ్ల మేనేజరు ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. ఆ మెత్తదనం నాకు మొదటిరోజే నచ్చలేదు. కానీ ఆయన మామ చెయ్యి పట్టుకుని, పెద్దాయనా మీ గొంతు బంగారం అనేసరికి మామ ముఖం చేటంత అయింది. పొగడ్తకు పడని మనిషి ఎవరున్నారు? నా వంట బాగుందంటే నేను పడనా?

ఎండకూ వానకూ రోజూ మీరు రావడం ఎందుకు, చెప్పాల్సినవన్నీ ఒకసారి చెప్పెయ్యండి, క్యాసెట్‌లో పెట్టుకుని ఎప్పుడు ఏది కావాలంటే అది వేసుకుంటాం అన్నాడు మేనేజరు. మామకు అది సన్మానంలా తోచింది. ఆ మధ్యాహ్నం ఉప్పునీళ్లు పుక్కిలించి, పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా ఇస్త్రీ చేయించుకుని బయల్దేరాడు. దగ్గొస్తే నీళ్లు అందించాలని నన్నూ రమ్మన్నాడు. నమస్కారం చెప్పమన్నారు, చెప్పాడు. కంపెనీ బట్ట మంచిదని చెప్పమన్నారు, అదీ చెప్పాడు. తర్వాత మేనేజరు, ‘నూలు వచ్చింది, అందరూ రండి’ అనండి అన్నాడు.

మామ ఆగిపోయాడు. "నూలు రాలేదు గద సారూ. రానిది ఎట్ల చెప్పాలె?"

వచ్చినప్పుడే వేస్తాం పెద్దాయనా, అంతవరకు పెట్టెలో ఉంటుంది అన్నాడాయన. మామ నా వైపు చూశాడు. నాకేమో ఇంటిదగ్గర పని, చంకలో పిల్ల ఏడుపు. చెప్పు మామా, వచ్చినప్పుడే వేస్తరట గదా అన్నాను. ఆ మాట నేనే అన్నాను, వేరేవాళ్ల మీదికి నెట్టను. అయినా మామ ఊరికే చెప్పలేదు. లేచి గోదాములోకి పోయాడు. మూలన ఎప్పటిదో చిక్కుపడిన నూలు కట్ట ఒకటి పడి ఉంటే దాన్ని కళ్లారా చూసి వచ్చాడు. అప్పుడు చెప్పాడు, గొంతెత్తి, స్పష్టంగా. మేనేజరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. సిగ్గుచేటు, నేనూ నవ్వాను.

తర్వాత క్యాసెట్ తిప్పి వినిపించారు. మామ తన గొంతు తను వినడం అదే మొదలు. ‘గిట్లుంటదా నా గొంతు? సచ్చిపోయిన మా అన్న గొంతు లెక్కున్నది’ అన్నాడు. ఇంటికి వచ్చేదాకా దారిలో అదే మాట.

మర్నాడు వార్తల వేళకు ఎప్పట్లాగే పోయాడు. పది నిమిషాల్లో తిరిగి వచ్చాడు. అంతా క్యాసెట్‌లో ఉంది కదా పెద్దాయనా, మీరు హాయిగా ఇంట్లో ఉండండి అన్నారట. ఆ రోజునుంచి పొద్దున స్తంభం మీద సినిమా పాటలు, సబ్బుల ప్రకటనలు, వాటి మధ్యలో మామ నమస్కారం. మేకలు తప్పిపోతూనే ఉన్నాయి, మనుషులు దవాఖానలో చేరుతూనే ఉన్నారు, ఎవరికీ తెలిసేది కాదు. బోరింగు దగ్గర నేను పోగేసుకొచ్చిన సంగతులు మామ కూర్చోబెట్టి వినేవాడు. విని ఏం చెయ్యాలో తెలియక కండువా దులుపుకుని లేచేవాడు. ఆయన్ని అట్లా చూడలేక, కొన్నాళ్లకు నేనే సంగతులు తేవడం మానేశాను. మానకుండా ఉండాల్సింది.

కొన్ని నెలలు క్యాసెట్ అబద్ధమాడలేదు. నూలు వచ్చినప్పుడే వేశారు. అందరూ అలవాటుపడ్డారు. తర్వాత ముసురు పట్టిన రోజుల్లో, రెండు వారాలుగా పిసరంత నూలు లేక వాడంతా మగ్గాలు ఊరికే ఉన్నప్పుడు, మామ మగ్గం తాళ్లు ముడేసుకుంటూ కూర్చుని ఉండగా స్తంభం మీద ఆయన గొంతు పలికింది. నూలు వచ్చింది, అందరూ రండి.

మామ చప్పున నా ముఖంలోకి చూశాడు. "ఎవరు చూసిన్రు?" అన్నాడు.

అప్పటికే బజారులో అడుగుల చప్పుడు. మామ చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి దిగి, ఆగుండ్రి, నేను పోయి చూసొస్త అంటూ చేతులు అడ్డం పెట్టాడు. పిలిచేది నువ్వే, ఆపేది నువ్వేనా అని ఆడవాళ్లు నవ్వుకుంటూ ఆయన పక్కనుంచే పరిగెత్తారు. సంఘం ఇంట్లో నూలు పోగు కూడా లేదు. ఉన్నవి మిల్లు దుప్పట్లు, గుట్టలు గుట్టలు. కంపెనీ వాళ్లు మూడు రోజులు అగ్గువ ధరకు అమ్ముతారట, జనం రావాలని మామ మాట వేశారట. జన్మంతా మగ్గం మీద బతికినవాళ్లకు మిల్లు దుప్పట్లు!

ఆ రోజు ఎవరైనా ఇంటిమీదికొచ్చి తిట్టినా బాగుండేది. వెనక వీధి అవ్వ ఒక్కతే వచ్చింది. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు. చూపు సరిగా ఆనదు. ఇతరుల నూలుకు కండెలు చుట్టిపెట్టి బతుకుతుంది. ఆ వానలో గోడలు పట్టుకుంటూ గోదాము దాకా పోయి, తిరుగుదారిలో మా గుమ్మం ముందు ఆగింది. "నువ్వు చెప్పినవని వచ్చిన బిడ్డా," అంది మామతో. అంతే, కొంగు పిండుకుంటూ వెళ్లిపోయింది. ఆ పూట మామ అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నాడు.

సాయంత్రం మేనేజరు దగ్గరికి పోయాడు. వద్దన్నా నేనూ వెంటపోయాను. ఆ మాట చెరిపెయ్యమని మామ బతిమాలాడు. మీరన్న మాటే కదా పెద్దాయనా, మేం ఒక్క ముక్క కలపలేదే అన్నాడు మేనేజరు.

"గొంతు నాది గద సారూ," అన్నాడు మామ.

"గొంతు మీదే. క్యాసెట్ కంపెనీది."

నేను ఊరుకోలేకపోయాను. మా పాలకుర్తి వైపు ఆడవాళ్లు కోపమొస్తే ఎట్లా తిడతారో అట్లా తిట్టాను. ఆయన నవ్వుతూ చాయ తెప్పించాడు. మామ ఆ చాయ ముట్టలేదు. పోదాం పా బిడ్డా అని లేచాడు. ఇంటికొచ్చాక అత్త, పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఇక దాన్ని ఎవరు పట్టుకొస్తారు అని నెత్తి కొట్టుకుంది. నేనే పట్టుకొస్త అన్నాడు మామ. ఏదో మాటవరసకు అన్నాడనుకున్నాను.

మర్నాటినుంచి ఆయన ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. ముందు గోదాములోకి తొంగిచూసి, తర్వాత గడపగడపకూ పోయి నూలు ఉన్నదీ లేనిదీ చెప్పేవాడు. పనిలో పనిగా మేకల సంగతీ దవాఖాన సంగతీ చెప్పేవాడు. కొందరు చాయ పోసేవాళ్లు, కొందరు చాదస్తమని నవ్వేవాళ్లు. ఒకటీ అరా ఇళ్ల మీద టీవీ యాంటెనాలు లేచాయి. కంపెనీ ఆ లౌడ్‌స్పీకర్లు విప్పుకుపోయేదాకా, అంటే దాదాపు రెండేళ్లు, ఆయన తిరుగుతూనే ఉన్నాడు. మోకాళ్లకు నూనె రాసేది నేనే కాబట్టి ఎంత తిరిగాడో నాకు తెలుసు.

కానీ నాకు కళ్లకు కట్టినట్టుండేది ఆ మొదటి పొద్దు. గోదాములో నూలు లేదని చూసుకుని, వెనక వీధిలో ఈ చివరనుంచి ఒక్కో గడప దగ్గరా ఆగుతూ పోయాం. మైకులో నా గొంతు వస్తే నమ్మకండి, నూలొస్తే నేనే మీ ఇంటికొచ్చి చెప్తాను, ప్రతి గుమ్మంలో ఇదే మాట. సరేనన్నవాళ్లున్నారు, తలుపు దగ్గరకు వేసుకున్నవాళ్లున్నారు. వీళ్లలో ఎవరు నమ్మారో నాకు అంతుపట్టలేదు. చివరి ఇల్లు అవ్వది. మేం గడప దగ్గరికి చేరామో లేదో స్తంభం మీద మామ గొంతు మోగింది. నూలు వచ్చింది, అందరూ రండి. లోపల అవ్వ తడుముకుంటూ గోడకున్న సంచి తీసుకుంది.

మామ గడప ఇవతలే నిలబడి, అవ్వా నేను అన్నాడు. ఆమె స్తంభం వైపొకసారి, మా వైపొకసారి తలతిప్పింది. ఆ గొంతూ ఈ గొంతూ ఒకటే. "గది నా గొంతే గని నేను కాదవ్వ," అన్నాడు మామ. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నిజంగా నూలు వచ్చి ఈమె పోకపోతే ఆ పూట ఆమెకు గంజి కూడా ఉండదు. మా మాట విని ఎందుకు ఆగాలి? మైకు మళ్లీ పిలిచింది.

"ఇంతకు నూలొచ్చిందా, రాలేదా? నువ్వు చెప్పు," అంది అవ్వ.

"రాలేదవ్వ."

"అయితే రాలేదు." సంచి మళ్లీ గోడకు తగిలించింది. "లోపలికొచ్చి కూసో. ఇన్నేండ్ల సంది నీ మాట ఇంటాన, నువ్వు నా గడప తొక్కింది లేదు."

మామ లోపలికి పోలేకపోయాడు. గడప మీదే కూలబడి, కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన వీపు నిమురుతూ నేనూ ఏడ్చాను. మైకు మూడోసారి పిలిచింది. నేను తల తిప్పి వీధి వైపు చూశాను. ఒక్క ఇంట్లోంచి కూడా ఎవరూ బయటికి రాలేదు.