అయిదున్నర లోపల

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంల నా బతుకంత బస్సు, కాలేజీ, బస్సు, ఇల్లు. మా ఊరు హిమాయత్‌నగర్, పట్నంలది గాదు, చేవెళ్ల రోడ్డు మీది పల్లె; ఇంటికాడ ఎక్కి మొయినాబాద్ అవతల కాలేజీకి పోవుడు, సాయంత్రం అయిదు కాకముందే ఇంట్ల పడుడు. పది నిమిషాలు లేటైతే అవ్వ గడపల నిలబడేది. ఏమనేది కాదు, చూసేది. ఆ చూపు కన్న రెండు దెబ్బలే నయం. పట్నంల ఐటీ కంపెనీలు రోజుకొకటి లేస్తున్నయని పేపర్ల సదివేదాన్ని. నాకు మాత్రం చేవెళ్ల రోడ్డే లోకం, ఊపిరాడేది కాదు.

ఆ ఏడు ఉపగ్రహాల మీద పనిచేసే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టోళ్లు, అంటే కోడ్ అందరికి తెరిచిపెట్టి ఎవరు దిద్దినా తీసుకునేటోళ్లు, ఎండకాలానికి విద్యార్థులను తీసుకుంటున్నరని తెలిసింది. ఏ దేశంల ఉన్నా ఇంటి నుంచే పని. బాపుకు చెప్పిన. "అండ్ల నిన్ను తీసుకుంటే ఆఖరి సంవత్సరం పట్నంల హాస్టల్‌ల ఉండి సదువుకో. లేకుంటే గిదే బస్సు" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గని, బాపు మాట అంటే మాటే. నేను దాన్నే పట్టుకుని ఏలాడిన.

దరఖాస్తుకు ఒక షరతున్నది. ముందుగాల వాళ్ల ప్రోగ్రాంల ఏదన్న ఒక తప్పు దిద్ది పంపాలె. ఆ ప్రోగ్రాం ఏ ఊరి మీదికెల్లి ఏ ఉపగ్రహం ఎప్పుడు పోతదో చెప్తది. మాకు దగ్గరి చేవెళ్ల పేరు కొడితే సాయంత్రం ఆరు నలభై అన్నది. ఆ టైముకు మిద్దె ఎక్కి నిలబడ్డ. ఏం లేదు. "ఏం సూస్తున్నవే, వానొస్తదా?" అని కిందికెల్లి అవ్వ పరాచికాలు. మెడ గుంజి దిగబోతుంటే, సరిగ్గ ఏడు పదికి వచ్చింది తెల్లటి చుక్క, మినుకుమనకుండ, తాపీగ. అరగంట తేడా. కోడ్ తీసి చూస్తే సంగతి దొరికింది. దేశాల టైం తేడాను వాళ్లు నిండు గంటలల్లనే లెక్కగట్టిన్రు. మనది అయిదున్నర గంటలు గద, ఆ అర ఎగిరిపోయింది. రెండు దినాలల్ల సరిచేసిన.

ఇగ పంపుడే మిగిలింది. పంపలే. మా కాలేజీల సార్ సంతకం లేంది రికార్డుల కొత్త పేజీ మొదలుపెట్టొద్దు, ల్యాబ్‌ల కుర్చీ గుంజొద్దు. ఆ అలవాటు చొప్పున ప్రాజెక్టోళ్లకు మెయిల్ రాసిన: "గౌరవనీయులైన సార్, ఈ తప్పు కనిపెట్టిన. మీరు అనుమతిస్తే సరిచేసి పంపుత." ఎనిమిది దినాలు అనుమతి కోసం కూసున్న. మళ్ల అడిగితే సార్‌కు కోపమొస్తదని అడగలే. నాకు అప్పటికి తెలిసిన సార్లందరు అసొంటోళ్లే మరి.

శనివారం ల్యాబ్‌ల మెయిల్ తెరిచిన. ఏ దేశమో, ఇంకో పిల్ల అదే తప్పు దిద్ది పంపింది, తీసుకున్నరు. నాకూ జవాబు రాసిన్రు: "మీ మెయిల్ చూసి కోడ్ కోసం ఎదురుచూసినం. ఇక్కడ ఎవరినీ అడగాల్సిన పని లేదు." దరఖాస్తులు ఆదివారం మూస్తరు, మన టైం ప్రకారం సాయంత్రం అయిదున్నరకు.

ఏడుపు రాలే, నా మీద నాకే మండింది. ఇంటికొచ్చి పాత కంప్యూటర్ మీద ఇంకో తప్పు వెతికి పట్టిన. ఊరి పేరు రెండు ముక్కలుంటే ప్రోగ్రాం ఆగిపోతున్నది. చిన్న మంగళారం అని కొడితే చిన్న దగ్గర్నే కూలబడుతున్నది. దిద్ది పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకున్న. ఇంట్ల నెట్ లేదు. తెల్లారి కాలేజీ బంద్. మొయినాబాద్ పోతే లైన్ మరమ్మతని కరెంటు లేదు, నెట్ సెంటర్ షట్టర్ దించి ఉన్నది.

ఇగ ఫామ్‌హౌసే దిక్కు. బాపు కనకమామిడిల ఒక ఫామ్‌హౌస్ చూసుకుంటడు. ఓనర్లు కోస్తా నుంచి వచ్చి పట్నంల స్థిరపడ్డ ఐటీ వాళ్లు, మంచోళ్లు. అక్కడ ఇన్వర్టర్ ఉన్నది, నెట్ ఉన్నది. కంప్యూటర్ రూం తాళంచెవి బాపు నడుముకున్న గుత్తిలనే ఉన్నది. మూడింటికి షేర్ ఆటో దిగి సంగతంత చెప్పిన.

"జర ఆగు బిడ్డా, సార్‌ను అడుగుత" అని బాపు ఫోన్ చేసిండు. ఎత్తలే. మళ్ల చేసిండు.

"తీయి బాపు. పది నిమిషాల పని. ఆయన ఏమంటడు?"

"ఏమనడు. అందుకే అడగాలె. అడగకుండ తీసేటోన్నైతే ఈ గుత్తి నాకెందుకిస్తరు?"

నాలుగైంది. అయిదైంది. బాపు మొక్కలకు నీళ్లు పెట్టుడు బంద్ చేసి, ఫోన్ చేతుల పట్టుకుని మెట్ల మీద కూసున్నడు. కిటికీల నుంచి కంప్యూటర్ కనవడుతున్నది. గుత్తి గుంజుకుందామన్నంత కోపమొచ్చింది. చెయ్యి లేవలే. అయిపోయిన పనిని ఎనిమిది దినాలు ఒళ్లె పెట్టుకుని సంతకం కోసం కూసున్నదాన్ని, బాపును ఏం మొఖం పెట్టుకుని అందు? అడగంది అమ్మయినా పెట్టదని మా ఇంట్ల అడుగుడే నేర్పిన్రు. నాకు నేర్పింది ఈయనే.

ఆరుకు పది నిమిషాలు తక్కువకు ఫోన్ మోగింది. ఓనర్ సార్ గొంతు నాకూ వినవడ్డది. "పెళ్లిలో ఉన్నానయ్యా, చూసుకోలేదు. దీనికి కూడా నన్ను అడగాలా? తాళం తీసి ఇవ్వాల్సింది."

బాపు గుత్తి విప్పి నా చేతుల పెట్టిండు. నా దిక్కు చూడలే. "అయిదున్నర దాటింది గద బిడ్డా. ఇంక పంపొచ్చునా?"

"వాళ్ల గడియారం మనకన్న ఎనక బాపు. మస్తు టైమున్నది" అన్న.

దరఖాస్తులు మూసినమని పేజీ మీద రాసి ఉన్నది. దిద్దుబాటు ఒక్కటే పంపిన, ఎవరినీ అడగలే. బాపు నా ఎనక నిలబడి, అయ్యేదాంక కదల్లే.

నెల తర్వాత పేర్లు వచ్చినయి. నా పేరు లేదని చెప్పిన. "నీ పని వాళ్లకు నచ్చలేదా?" అని అడిగిండు బాపు. "నచ్చలే" అన్న. ఆ దిద్దుబాటును వాళ్లు పంపిన రెండు దినాలకే, మంగళవారమే తీసుకున్నరు; దాటిపోయింది దరఖాస్తు గడువే. ఆ సంగతి బాపుకు చెప్పకుండనే ఆఖరి సంవత్సరమంత అదే బస్సుల పోయి వచ్చిన.