మర్యాదకు మంచిగున్నది

కరీంనగర్‌లో ఒక చిన్న పాల సంస్థలో నేను కంప్యూటర్ల విభాగం చూసేదాన్ని. విభాగమంటే నేను, ఒక టేబులు, గరగరలాడే ఒక ఫ్యాను. ఊళ్లలో ఉన్న మా పాల సెంటర్లలో నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో నడిచే పాత ప్రోగ్రామ్ ఉండేది. రైతు పాలు పోస్తాడు, సెంటర్ నడిపేవాళ్లు కొలత, వెన్న శాతం కొడతారు, చీటీ వస్తుంది, అంతే. ఆ వివరాలన్నీ పెన్‌డ్రైవ్‌లో పాల వ్యానుతో పాటే మా దగ్గరికి చేరేవి. ఆ ప్రోగ్రామ్ రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఎక్కడ మొరాయించినా ఫోను నాకే. అదొక మొండి బర్రె. పాలిస్తుంది గానీ ఒక్కరి చేతికే ఇస్తుంది.

ఇక దాంతో వేగడం కుదరదని, మార్చేద్దామని పెద్దవాళ్లు నిర్ణయించారు. హైదరాబాద్ నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు దిగారు. అంతా ఒకేసారి చేయరట. కొద్దికొద్దిగా చేసి, రెండు వారాలకోసారి వాడేవాళ్లకు చూపించి, వాళ్లన్నదాన్ని బట్టి దిద్దుకుంటూ పోతారట. కొలతలకో జట్టు, చెల్లింపులకో జట్టు, వ్యాన్లకో జట్టు. మూడు నెలలకోసారి జట్లన్నీ ఒకే హాల్లో కూర్చుని ముందున్న పనులు పంచుకుంటాయి. అన్నిటినీ కలిపి రైలు అంటారని చెప్పారు. నేను మంచిర్యాలలో స్టేషను పక్కన పుట్టి పెరిగినదాన్ని. నాకే రైలు సంగతి చెబుతున్నారా అని నవ్వుకున్నాను. కానీ వాళ్ల రైలు ఆలస్యం కాదు, ఎవరి కోసమూ ఆగదు. అందుకోలేని పని తర్వాతి రైలు ఎక్కాల్సిందే.

సెంటర్ల తరఫున మాట్లాడే బాధ్యత నాకు ఇచ్చారు. ఏ పని ముందు కావాలో, ఏది ఆగగలదో నేను చెప్పాలి. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఎక్కడో ఏసీ గదిలో తేల్చేసి మన నెత్తిన రుద్దడం కాకుండా, వాడేవాళ్లను అడుగుతున్నారు కదా అని సంబరపడ్డాను.

చూపించే రోజున సెంటర్లవాళ్లను కరీంనగర్ పిలిపించేవాళ్లం. మంథని వైపు నుంచి, ధర్మపురి వైపు నుంచి, పొద్దుటి పాలు పంపేసి బస్సెక్కి వచ్చేవాళ్లు. మగవాళ్లు ఇస్త్రీ చొక్కాలు, ఆడవాళ్లు పెట్టెలో దాచుకున్న చీరలు. చాయ్, సమోసా, ఆపైన భోజనం. పిల్లలు తాము చేసినది తెర మీద చూపించి ఎలా ఉందని అడిగేవాళ్లు.

"మంచిగున్నది సార్."

"ఏమైనా మార్చాలా?"

"ఏం వద్దు సార్. మస్తు చేసిండ్రు."

ఆ మాటకు పిల్లలు మురిసిపోయి తర్వాతి పనిలోకి దిగేవాళ్లు. నేనూ మురిసిపోయాను. మా వైపు ఒకరింట్లో తిని చెయ్యి కడుక్కుంటూ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఆఫీసులో పెట్టే భోజనం కూడా భోజనమేనని నాకు తట్టలేదు.

వేసవి మొదట్లో కొన్ని సెంటర్లలో కొత్త ప్రోగ్రామ్ పెట్టాం. మంథని దాటాక గోదావరి వైపున్న ఒక ఊళ్లో పాలు తగ్గడం మొదలైంది. ఆ సెంటర్ నడిపేది ఒకామె, నాకంటే చిన్నది. మేము పిలిచినప్పుడల్లా వచ్చి, ముందు వరసలో కూర్చుని, అందరికంటే గట్టిగా మంచిగున్నది అనేది. ఫోన్ చేస్తే అప్పుడూ అదే మాట.

"ఏం ఫికర్ లేదు మేడం. అంత మంచిగనే నడుస్తున్నది."

పాలు మాత్రం రోజురోజుకూ తగ్గుతూనే ఉన్నాయి. ఇలాగే ఉంటే ఆ సెంటర్ ఎత్తేసి వాగు అవతలి ఊరి సెంటర్‌లో కలిపేస్తామని మేనేజరు సార్ అన్నారు. ఒక్క బర్రె ఉన్న ఆడవాళ్లు తెల్లారి క్యాను పట్టుకుని వాగు దాటి పోతారా? పోరు, బర్రెను అమ్ముకుంటారు. సెంటర్ నడిపే ఆమెకు చేతిలో పని పోతుంది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండిందో తెలియకుండానే మంథని బస్సెక్కాను.

పొద్దున సెంటర్ నడిచేది చూడాలని ముందురోజు సాయంత్రమే వెళ్లి ఆమె ఇంట్లో దిగాను. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేదాకా ఆగి అన్నం వడ్డించింది. కోడిగుడ్డు కూర, పచ్చిపులుసు. సెంటర్ గురించి ఎలా అడిగినా మంచిగున్నది అంటోంది తప్ప దారికి రావడం లేదు. చివరికి విసుగొచ్చి అన్నాను.

"చెల్లె, పచ్చిపులుసుల ఉప్పు జర తక్కువైంది."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. నా ముఖంలోకి చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది.

"గిట్లనే చెప్పాల్నా అక్కా?"

"గిట్లనే చెప్పాలె. నువ్వు చెప్పకపోతే నీ సెంటర్ వాగు అవతలికి పోతది."

నవ్వు ఆగిపోయింది. ఉప్పు డబ్బా నా ముందుకు తోసి, అప్పుడు మొదలుపెట్టింది.

"ఈడ సిగ్నల్ రాదక్కా. గా పాతదానికి సిగ్నల్ తోని పనే లేకుండె. గిది ఒక్కొక్క పేరుకు సుట్టు తిరుక్కుంట కూసుంటది. లైన్ల నిలబడి జనం పరేషాన్ అవుతున్నరు. కూలికి పోయేటోళ్లు ఎంతసేపని ఆగుతరు? ప్రైవేటు పాలబండోనికి పోసి పోతున్నరు."

"మరి కరీంనగర్ల ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె అక్కా? అంత దూరం పిలిచి, కుర్చీ ఏసి, అన్నం పెట్టిరి. పిలగాండ్లు ఎంత కష్టపడ్డరో ఏమో. మొఖం మీద బాగలేదంటే ఏం మర్యాద? ఇగ నాకే చేతనైతలేదంటరని భయం గూడ."

పొద్దున నేను కళ్లారా చూశాను. తెర మీద సున్నా తిరుగుతూనే ఉంది. వరసలో వెనకున్న ఒక పెద్దమ్మ చూసి చూసి, క్యాను చంకన పెట్టుకుని బండి వైపు నడిచింది. సెంటర్ నడిపే ఆమె పిలవలేదు. ఏమని పిలుస్తుంది?

ఆ వెంటనే మూడు నెలల పనులు పంచుకునే సభ వచ్చింది. హాల్లో గోడ నిండా రంగు కాగితాలు, ఏ పని దేనికోసం ఆగాలో చూపే ఎర్ర దారాలు. సిగ్నల్ లేకున్నా నడిచే ఏర్పాటు నేను అడగ్గానే తర్వాతి రైలుకు, అంటే ఇంకో మూడు నెలల తర్వాతకు, రాసేశారు. చెల్లింపుల జట్టు మాత్రం ఫోన్లో రంగురంగుల బొమ్మల పట్టికలు ఇప్పుడే చేస్తుందట. అన్నీ అయ్యాక ఒక ఆచారం ఉంది. ఈ పథకం మీద ఎంత నమ్మకముందో ప్రతి ఒక్కరూ వేళ్లెత్తి చూపాలి. పూర్తిగా ఉంటే అయిదు, అనుమానముంటే తక్కువ. పెద్ద సార్లు ఎదురుగా కూర్చుంటే వేలు మడిచేదెవరు? హాలంతా అయిదు వేళ్లూ ఎత్తి దీవిస్తున్నట్టుంది.

నేను ఒక్క వేలెత్తాను.

"ఏంటమ్మా, ఒక్కటేనా?" అన్నారు మేనేజరు సార్.

"అదీ ఎక్కువే సార్. తర్వాతి రైలు వచ్చేసరికి ఆ ఊళ్లో ఎక్కేవాళ్లు మిగలరు," అన్నాను. గొంతు లేచింది. తగ్గించుకోవాలని కూడా అనిపించలేదు.

సార్ నొసలు ముడిపడింది. ఈలోపు సభ నడిపిస్తున్న హైదరాబాద్ అమ్మాయి లేచి, ఎవరైనా తక్కువ వేళ్లు చూపిస్తే కారణం వినకుండా ముందుకు పోకూడదని, అది పద్ధతిలోనే ఉందని మెల్లగా చెప్పింది. విన్నారు. చూసిందంతా చెప్పాను, పెద్దమ్మ సంగతితో సహా. చెల్లింపుల జట్టువాళ్లు తమలో తాము గుసగుసలాడుకుని, వాళ్లంతట వాళ్లే బొమ్మల పట్టికలను వెనక్కి జరిపి ఈ పనికి చోటిచ్చారు. కలిపేసే ఆలోచన సార్ వానాకాలం దాకా ఆపారు. పెద్ద పోట్లాటకు సిద్ధపడి వెళ్లినదాన్ని, సగం తిట్లు నాలోనే మిగిలిపోయాయి. అప్పటి నుంచి చూపించడానికి మేమే ఊళ్లకు పోవాలని కూడా తీర్మానమైంది.

వానలు మొదలయ్యాక ఆ పని పూర్తయింది. కొన్ని వారాలకు ఒక ముసురు పొద్దున ఆ హైదరాబాద్ అమ్మాయీ నేనూ ఆ సెంటర్‌కు వెళ్లాం. సిగ్నల్ అస్సలు లేదు. అయినా కొలత కొట్టగానే చీటీ వస్తోంది, వరస కదులుతోంది. వివరాలు అక్కడే దాచుకుని, సిగ్నల్ దొరికినప్పుడు పంపుకుంటుంది. బండి వైపు పోయినవాళ్లు అందరూ కాకపోయినా చాలామంది తిరిగొచ్చారు. అక్షరాలు చీమల్లా ఉన్నాయని, చీటీ మీద పేరు సగమే వస్తోందని సెంటర్ నడిపే ఆమె ఆ అమ్మాయిని కూర్చోబెట్టి వాయించింది. అమ్మాయి తలూపుతూ రాసుకుంది.

క్యాన్లు వ్యానెక్కాయి. పోయిన నెల చివర పాల లెక్క చూసి మేనేజరు సార్ నాతో అన్న మాట ఆమెకు చెప్పడానికే నేను వచ్చాను గానీ, ముందు ఆమే అడిగింది. ఇన్ని నెలల్లో ఎప్పుడూ అడగని మాట.

"అక్కా, ఇగ మా సెంటర్ తియ్యరు గద?"

"తియ్యరు చెల్లె."

ఆమె అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చింది. వాన చినుకులు మీద పడుతున్నా లేవలేదు. నేనూ పక్కన కూర్చున్నాను.