అడగకుంట నా శృతి దించిండు

ఇయ్యాల బోధన్ల మా చర్చిల పాత కీర్తన పాడిన. వయసుల ఉన్నప్పటిసంది నేను నాలుగు శృతిలనే పాడుత, గంత పైకి మావోళ్లల్ల ఎవ్వరు పోరు. కీబోర్డు వాయించే డేవిడు కంఠేశ్వర్ నుంచి వస్తడు. "నాలుగే పట్టు బిడ్డా, తగ్గియ్యకు" అని ముందే చెప్పిన. వేళ్లు సూసిన, సరిగ్గ నాలుగు మీదనే ఉన్నయి. గొంతు హాయిగ లేసింది. చరణాల నడుమ నాకు తోసినట్టు రాగం తీసిన. అందరు మెచ్చుకున్నరు.

బయటికొచ్చినంక డేవిడుతోని "ఇయ్యాల గొంతు మస్తు పలికింది గదా" అన్న.

"కోపం చెయ్యకు బాపూ. బటన్ నొక్కి రెండుకు దించిన. మొన్నటిసంది గిట్లనే దించుతున్న."

"నన్ను అడగొద్దారా?"

"అడిగితే ఒప్పుకుంటవా?"

వేళ్లు ఆడనే ఉంటయట, సప్పుడు కిందికి దిగుతదట. గిదేం పెట్టెనో. ఈ వయసుల గంత హాయిగ లేసినప్పుడే నాకు అనుమానం రావాలె. జనం మెచ్చుకున్నది నన్నా, బటన్‌నా, మీరే చెప్పుండ్రి.

వచ్చే ఆదివారం నా హార్మోని నేనే పట్టుకపోత. నాలుగులనే పాడుత. పగిలితే నా గొంతే పగులుతది.