‘హా సాబ్’ అన్న అప్పలరాజు

2023లో మా దీవిలోని ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు ఒక చిన్న పరిశోధన మొదలుపెట్టారు. బీపీ రోగులు రాసిచ్చిన మాత్రలు నిజంగా వేసుకుంటున్నారా అన్నది తేల్చాలి. మా భాషలో దీన్ని ‘అడ్హిరెన్స్’ అంటారు, అంటే మందు క్రమం తప్పకుండా వాడటం. ఫార్మసిస్టుగా ఇళ్లకు వెళ్లి మిగిలిన మాత్రలు చూసే పని నాది. చాలా ఇళ్లలో నన్ను కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాళ్లను చూసినట్టే చూసేవారు.

హార్బరుకు అవతల హోప్ టౌన్‌లో ఉండే అప్పలరాజు డింగీలో, అంటే చిన్న ఇంజిన్ పడవలో, రోజుల తరబడి చేపల వేటకు వెళ్తాడు. దిగగానే నేరుగా మా దగ్గరికి వస్తే బీపీ ఎప్పుడూ ఎక్కువే. మందు వాడుతున్నావా అని తెలుగు రాని డాక్టరు గారు హిందీలో, “దవా లేతే హో?” అంటే, “హా సాబ్” అనేవాడు. వాడుతున్నా దిగడం లేదంటే మందు చాలడం లేదనుకుని ఆయన మోతాదు పెంచారు. ఆ తర్వాత ఇంకో మాత్ర కూడా కలిపారు.

ఒకసారి ఇంజిన్ పాడై డింగీ ఒడ్డునే ఉండిపోయింది. నేను వెళ్లేసరికి అప్పలరాజు బల్ల మీద నీరసంగా పడుకుని ఉన్నాడు. ముందురోజు జెట్టీ దగ్గర కళ్లు తిరిగి పడిపోయాడట. డింగీ యజమాని అయిన అప్పలరాజు బావ, ఇలాంటి మనిషిని సముద్రం మీదకు తీసుకెళ్లలేనని చెప్పేశాడు. బీపీ చూశాను. మరీ తక్కువగా ఉంది.

“అన్నా, వేటకెళ్లినప్పుడు కూడా మాత్రలు వేసుకుంటున్నావా?” అని అడిగాను. అతను గోడవైపు తిరిగాడు.

భార్య పోలమ్మే చెప్పింది. “డింగీల ఉంటే మింగడు దీదీ. ఆ గోలీలు మింగితే గంటగంటకీ పాస్‌కి లేవాల. వల నీటిల ఉండగా గంగమ్మలో పొయ్యకూడదని ఈళ్లకో కట్టుబాటు. ఇంటికాడున్నాడని ఇప్పుడు నానే అన్నీ మింగించేత్తన్నాను.”

“సాబ్‌కి ఇదంతా ఏటని సెప్పీది?” అన్నాడు అప్పలరాజు. “సిగ్గేసి హా సాబ్ అనీసినాను.”

వాటిలో ఒకటి డైయూరెటిక్, ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంగా పంపేసే మాత్ర. సముద్రం మీద ఏ మాత్రా వేసుకోని మనిషికి పెంచిన మోతాదంతా ఒడ్డున ఒక్కసారిగా పడింది. డాక్టరు గారికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. “ఆజ్ కుఛ్ మత్ దేనా, అభీ లే ఆవ్” అన్నారాయన, ఇవాళ ఏ మాత్రా ఇవ్వకుండా వెంటనే తీసుకురమ్మని.

ఆయన ఆ మాత్ర తీసేసి, మూత్రంతో పేచీ లేని మందు రోజుకొకటి చొప్పున తక్కువ మోతాదులో రాశారు. అది కుదురుకుందని తేలేవరకు అప్పలరాజును ఒడ్డునే ఉంచారు. చివరికి బావ అతన్ని మళ్లీ డింగీ ఎక్కించుకున్నాడు. ఆ కబురు విన్నాక గరాచర్మ బస్సులో ఇంటికి వెళ్తూ హాయిగా నిద్రపోయి, నా స్టాపు దాటిపోయాను.

మందు వాడుతున్నారా అని అడిగితే జనం మన మనసు నొప్పించని జవాబు చెబుతారు. వాడటానికి ఏం అడ్డొస్తోందని అడిగితేనే నిజం బయటికొస్తుంది. వేట నుంచి వచ్చిన అప్పలరాజును డాక్టరు గారు ఈసారి అలాగే అడిగారు. అతను తల గోక్కుని, “సాబ్, బీచ్ మే దో దిన్ నహీ లియా. తూఫాన్ మే భూల్ గయా” అన్నాడు, మధ్యలో రెండు రోజులు తుఫాను గొడవలో మరిచిపోయి వేసుకోలేదని. రోగి మందు మానేశాడని విని ఒక డాక్టరు అంత సంతోషపడటం నేను అప్పుడే చూశాను.