పాలు తాగని పాము

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి ఇంటి పై వాటాలో ఉన్న మనిషి అపార్ట్‌మెంటు ఖాళీ చేసి పోతూ చెత్త డబ్బాల దగ్గర ఒక గాజు తొట్టె వదిలేశాడు. పొద్దున నడకకు వెళ్ళినప్పుడు చూశాను. లోపల పాము చుట్ట చుట్టుకుని ఉంది. తొట్టె మీద ‘ఫ్రీ’ అని కాగితం అంటించాడు, పాత కుర్చీకి అంటించినట్టు.

నేను బడికి వెళ్ళింది అయిదో తరగతి వరకే. మిగతా చదువు, ఇంగ్లీషుతో సహా, బస్సు డిపోలో పని చేస్తూ గ్రంథాలయంలో చదువుకున్నదే. అది కొండచిలువల్లో చిన్న జాతి అనీ, దానికి విషం ఉండదనీ అలాగే తెలుసు. నీళ్ళ గిన్నె ఎండిపోయి ఉంది. పాత కుబుసం వదలక పేలికలుగా ఒంటికి అంటుకుపోయింది. కళ్ళ మీదా అదే పొర. వెన్నెముక పైకి తేలింది. తొట్టె ఎత్తుకుని ఇంటికి తెచ్చాను.

“నాన్నా, లీజ్‌లో డాగ్స్, క్యాట్స్ అనే ఉంది. పాము సంగతి ఎవర్నని అడగను?” అంది అమ్మాయి.

“అడక్కు. అడిగితేనే కదా కాదనేది.”

అయినా డాక్టరు దగ్గరికి డ్రైవ్ చేసింది. జంతువుల డాక్టరమ్మ దాన్ని తూచి, చాలాసేపు మాట్లాడింది. ఆవిడ యాస నాకు పూర్తిగా అందదు. అమ్మాయి క్లుప్తంగా చెప్పింది: “వెచ్చగా ఉంచాలట, నీళ్ళలో నానబెట్టాలట. కానీ నెలలోపు దానంతట అది తినకపోతే నిలవదట నాన్నా.”

తొట్టెను దేవుడి పటాలున్న గదిలో పెట్టాం. రోజూ పామును గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, తర్వాత తడిపిన పాత పంచెలో చుట్టేవాణ్ణి. అది మడతల్లోంచి పాకి బయటికి వచ్చేసరికి కొంత కుబుసం పంచెకే అంటుకునేది. నాలుగో రోజున కళ్ళ పొరలు ఊడాయి. అది నా వైపు చూసింది. చూసి ఏమనుకుందో తెలియదు. పాములు ఏమీ అనుకోవని పుస్తకాల్లో ఉంది.

ఆ రోజే మా ఆవిడ స్టీలు గ్లాసులో పాలు పట్టుకొచ్చింది.

“ఇంటికొచ్చిన నాగేంద్రుడండీ. ఒక్క చుక్క పోస్తే మీ సొమ్మేం పోయింది?”

“పాములు పాలు తాగవు. నలభై ఏళ్ళుగా చెబుతున్నాను.”

“మీ అమ్మగారు పోస్తే తాగిందని మీరే చెప్పారు.”

నిజమే. నాకు ఏడేళ్ళప్పుడు, నాగుల చవితికి, పాములవాడు బుట్ట మూత తీస్తే మా అమ్మ పాలు పోసింది. పాము తాగింది. వీధంతా దండం పెట్టింది, నేనూ పెట్టాను. పండగకు ముందు వారాల తరబడి వాటికి నీళ్ళివ్వరనీ, దప్పికకు ఏది పెట్టినా తాగుతాయనీ, ఆ పాలే తర్వాత వాటి ప్రాణం తీస్తాయనీ నాకు ముప్పై ఏళ్ళు దాటాక చదివాను. ఆ దండం పెట్టినందుకు నాకు ఇప్పటికీ మంటే.

పాలు వెనక్కి పంపాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. “పోనీ రెండు అగరుబత్తులు వెలిగించుకోనా?” అంది. వాసనేగా, వెలిగించుకో అన్నాను.

రెండు వారాలకు పాము నోరు తెరుచుకుని ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది. ముక్కు దగ్గర బుడగలు. ఎలకను పెడితే తల తిప్పుకుంది. పై వాటా మనిషి మీద అపార్ట్‌మెంటు ఆఫీసుకు రెండు పేజీల ఉత్తరం రాశాను. మూగజీవిని ఊపిరాడకుండా చేసినవాడికి ఇంకెక్కడా ఇల్లు అద్దెకివ్వకూడదని అందులో ఒక వాక్యం.

మళ్ళీ తీసుకెళ్తే, మీ ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అని డాక్టరమ్మ అడిగింది. లేదని ఇద్దరం ఒకేసారి చెప్పాం, కాస్త గర్వంగానే. తిరిగి వస్తుంటే కారులో అమ్మాయి అంది:

“నాన్నా, నీ స్వెట్టర్ అంతా అమ్మ పూజ వాసనే.”

కారు వెనక్కి తిప్పమన్నాను.

సంగతి విని డాక్టరమ్మ ఇంజెక్షన్లు రాసిచ్చి, పొగ అనేదే ఆ గదిలో ఉండకూడదంది.

“వాసనేగా అన్నది మీరే కదండీ,” అంది మా ఆవిడ.

“నేనే.”

ఆవిడ తొట్టె దగ్గర అగరుబత్తుల బూడిద తుడిచేసింది. దేవుడి పటాలు ఆ గది నుంచి వంటింటికి మారాయి. ఉత్తరం నేను పంపలేదు, చింపలేదు కూడా. అతని మీద కోపం తగ్గలేదు. కానీ అందులో కొన్ని వాక్యాలు నాకూ సరిపోతున్నాయి.

ఊపిరి కుదుటపడింది గానీ తిండి ముట్టలేదు. డాక్టరమ్మ చెప్పిన నెలకు మూడు రోజులే ఉన్నాయి. చచ్చిన ఎలకల్ని షాపులో గడ్డకట్టించి అమ్ముతారు. శాకాహారుల ఇల్లు కాబట్టి అమ్మాయి వాటికోసం విడిగా చిన్న ఫ్రీజర్ కొని బాల్కనీ గదిలో పెట్టింది. బతికున్న ఎలకంత వెచ్చగా ఉంటే గానీ పాము దాన్ని తిండిగా పోల్చుకోదని పుస్తకంలో మళ్ళీ చదివాను. వేడినీళ్ళు కావాలని కేకేశాను.

మా ఆవిడే తెచ్చింది, పాలు తెచ్చిన గ్లాసులోనే. అందించి గుమ్మం వైపు తిరిగి నిలబడింది. ఎలకను ప్లాస్టిక్ కవరులో చుట్టి నీళ్ళలో ముంచాను. వెచ్చబడ్డాక కవరు తీసి, పట్టుకారుతో తొట్టెలో పెట్టాను. పాము చాలాసేపు కదల్లేదు. తర్వాత ఒక్కసారి పట్టుకుని చుట్టేసింది.

“తిందా?” అంది ఆవిడ, ఇటు తిరక్కుండానే.

“మింగుతోంది.”

“ఆ గ్లాసు ఇంక వంటింట్లోకి తేకండి.”

తేలేదు. ఇప్పటికీ తొట్టె పక్కనే ఉంది. వారానికోసారి అందులో వేడినీళ్ళు పోసేది మాత్రం ఆవిడే.