డోలు మాస్టారుకి ఇచ్చిన మాట
మేము ఉద్యోగానికి దేశం వదిలి వచ్చిన బ్లాంచర్డ్స్‌టౌన్‌లో, మా అపార్ట్‌మెంట్ల వెనక కమ్యూనిటీ హాల్లో ఘనా నుంచి వచ్చిన ఒక మాస్టారు శనివారాలు ప్రభుత్వం తక్కువ అద్దెకిచ్చే కౌన్సిల్ ఇళ్ళ పిల్లలకు డోలూ, నాట్యమూ నేర్పేవాడు. ఎవరైనా తప్పు వాయిస్తే కోప్పడేవాడు కాదు. తన డోలు మీద చెయ్యి ఆనించి, "పక్కవాళ్ళది విన్నావా?" అని అడిగేవాడు. ఇంట్లో నోరు విప్పని మా పదమూడేళ్ళ అమ్మాయి అక్కడ అందరి ముందూ గెంతుతూ వాయించేది.

ఐటీ ఉద్యోగాలు పెరిగి చుట్టూ కొత్త ఫ్లాట్లు లేచాయి. వాటిలోకి వచ్చినవాళ్ళు చప్పుడు భరించలేకపోతున్నామని, క్లాసు ఆపించమని ఫిర్యాదు పెట్టారు. దాని మీద హాలు కమిటీ మీటింగు పెట్టినప్పుడు మాస్టారు నా దగ్గరికొచ్చి, "మా తరఫున మీరు మాట్లాడతారా? మీరూ ఐటీవాళ్ళే, మీరు చెబితే వింటారు," అన్నాడు.

"తప్పకుండా," అన్నాను.

తీరా వెళ్తే నా పక్కన కూర్చున్నది మా ఆఫీసు మేనేజరు. ఫిర్యాదు చేసినవాళ్ళలో ఆవిడా ఉందని అప్పుడే తెలిసింది. "తల్లిదండ్రులెవరైనా మాట్లాడతారా?" అని కమిటీవాళ్ళు అడిగారు. మాస్టారు నా వైపు తిరిగి చిన్నగా తలూపాడు. నేను బ్యాగులో ఫోను వెతుక్కుంటూ ఉండిపోయాను. క్లాసు రద్దు చేశారు.

బయట మా అమ్మాయి, "యూ సెడ్ యూ వుడ్ టాక్, అమ్మా," అని ఏడ్చింది.

మాస్టారు గొంతు పెంచలేదు. "మీరు మాట ఇవ్వకపోతే నేనే మాట్లాడుకునేవాణ్ణి," అన్నాడు.

ఆయన ఇప్పుడు ఇంకెక్కడో నేర్పుతున్నాడట. శనివారం శనివారం మా అమ్మాయి బస్సెక్కి వెళ్ళొస్తుంది. ఎక్కడికని అడిగితే చెప్పదు.