ఇద్దరు కోటమ్మలు, ఒక మిరపచేను

పల్నాడు జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది, మిరప కోతల రోజులు. నరసరావుపేటకు కాస్త దూరంలో సబ్ రిజిస్ట్రార్‌గా పనిచేస్తున్నాను.

ఒకే భూమిని ఇద్దరికి అమ్మే ఘనులు మా ఆఫీసులకు కొత్త కాదు. అందుకే దస్తావేజు రిజిస్టర్ చేసే ముందు ఈసీ చూస్తాం. ఆ భూమి మీద అంతకుముందు జరిగిన అమ్మకాలు, తాకట్లు చెప్పే పత్రం అది. ఆధార్ వేలిముద్ర తీసుకుంటాం. ఇవి చాలవని, అమ్మేవాళ్లతో నేను ఒంటరిగా మాట్లాడతాను. బ్రోకర్లు నాది చాదస్తమంటారు. అననీ.

ఆ రోజు కోటమ్మ అనే పెద్దామెను, మేనల్లుడినంటూ ఒకతను తీసుకొచ్చాడు. మిరపచేను అమ్మకం. ఈసీ శుభ్రంగా ఉంది, పాస్‌బుక్‌లో ఫోటో ఆమెదే, వేలిముద్ర కలిసింది. ఆమెకు చెవుడని, ఏం అడిగినా తననే అడగమని అతను ముందుకొచ్చాడు. నాకు ఒళ్లు మండి బయటికి పొమ్మన్నాను.

చెవుడూ లేదు, ఏమీ లేదు. హద్దులడిగితే ఆమె తడుముకోలేదు. తూర్పున ఎవరి చేనో, పడమట డొంక ఎంత వెడల్పో, వానొస్తే ఏ మూల నీళ్లు నిలుస్తాయో కూడా చెప్పింది. హక్కుదారే అనుకున్నాను. ఇంత బాగా తెలిసిన చేను ఎందుకమ్మా అమ్ముతున్నావు అన్నాను.

"అమ్మటమేందయ్యా? ఇయ్యాల్టి నుంచి నాదవుద్దన్నారు గదా."

ఎన్నో ఏళ్లుగా ఆమె ఆ చేలో కూలి. భూమి గల కోటమ్మ వేరే. ఇంటిపేరు కూడా ఒకటే, ఎప్పుడో గుంటూరులో స్థిరపడింది. నీ కష్టం చూసి ఆమె చేను నీకు రాసిస్తోందని నమ్మించి, దొంగ పాస్‌బుక్‌కి ఈమె ఫోటో అంటించి తెచ్చారు. బయట చూస్తే మేనల్లుడు ఎప్పుడో జారుకున్నాడు. దస్తావేజు ఆపి, పోలీసులకు ఫోన్ చేశాను.

ఇక ఈమెకు చెప్పాలి. నా సర్వీసులో అంత కష్టమైన మాట ఇంకొకటి లేదు. నన్ను తిట్టినా బాగుండేది. కొత్త చీర కట్టుకొచ్చింది పాపం. మెల్లగా అంది.

"ఆమెకి చెప్పమాకయ్యా. రేపు కోతకి రానియ్యరు."

చెప్పకుండా ఎలా? దస్తావేజు మీద ఆమె వేలిముద్ర పడింది, ఫిర్యాదులో పేరు రాయక తప్పలేదు. మోసపోయిందని కూడా రాశాను. అసలు కోటమ్మ పరుగున వచ్చి నాకు దండం పెట్టింది. ఆ కూలి మనిషి మళ్లీ తన గట్టు తొక్కకూడదని కౌలుదారుకు చెప్పి మరీ వెళ్లింది. నేను ఎంత నచ్చజెప్పినా వినలేదు.

భూమి నిలబెట్టానన్న సంతోషం నాకు మిగల్లేదు. ఇప్పుడు వేలిముద్ర పెట్టించకముందే అడుగుతున్నాను, ఇక్కడికెందుకొచ్చావో తెలుసా అమ్మా అని. కోటమ్మను అలా ముందే అడిగుంటే, కూలి పనన్నా ఆమెకు దక్కేది.